క్లిప్పు పెట్టిన పేజీలు

తంపెరెలో మా అపార్ట్‌మెంటు అడుగున
బట్టలుతికే గది ఉంది.
మూడు మెషీన్లు, ఒక డ్రయ్యరు,
డ్రయ్యరు పైన ఎవరో మేకులు కొట్టి నిలబెట్టిన చెక్క అర,
పక్కనే పురికొసకి వేలాడే
గళ్ళ నోటుబుక్కు.

నేను చదువరిని కాను.
పైపులు బాగుచేస్తాను, మెట్లమీద మంచు గీకుతాను,
ఫిల్టర్లో పేరుకున్న నూగు తీస్తాను.
ఆ నోటుబుక్కు మాత్రం
ఒక్క ముక్క వదలకుండా చదివాను.

మూడో అంతస్తు సోయిలి రాసింది:
"నేను చివరి పేజీ ముందు చదువుతాను. తిట్టకండి.
ఎక్కడికి పోతుందో తెలిస్తేగానీ
నాకు బస్సెక్క బుద్ధి కాదు."
కింద వెయ్‌క్కో వంకర అక్షరాలు:
"తిట్టను. చివరి పేజీల్లో కాఫీ మరకలు
ఎవరివో ఇవాళ తెలిసింది."

హోదన్ రాత్రిపూట ట్రాము నడుపుతుంది.
ఆఖరి స్టాపులో ఆమెకి పదకొండు నిమిషాలు విరామం.
"పదకొండు నిమిషాల్లో అయిపోయే అధ్యాయాలు కావాలి.
పన్నెండో నిమిషం నాది కాదు."
దానికి తొమ్మిది జవాబులు.
ఒకాయనైతే గడియారం ముందు పెట్టుకుని చదివి
ఏ అధ్యాయానికెంతో పట్టిక వేసిచ్చాడు.
"నాది నత్త చదువు, రెండేసి నిమిషాలు తీసెయ్"
అని అడుగున చిన్నగా.

పేరు రాయని ఆకుపచ్చ సిరా ఒకటుంది.
"సౌనాలో చదువుతుంటే జిగురు కరిగి
కాగితాలు ఒళ్ళో రాలుతున్నాయి.
కథ ఎలాంటిదైనా సరే,
దారంతో కుట్టిందై ఉండాలి."

నవంబరులో,
మూడున్నరకే చీకటి పడే రోజుల్లో,
ఐదో అంతస్తు ఇర్మెలి అడిగింది:
"ఎవరూ చచ్చిపోని పుస్తకం ఉందా?
ఆసుపత్రిలో పైకి చదివి వినిపించాలి.
కళ్ళు తెరవడు గానీ, వింటాడు."

నాలుగు రోజులు కలం కదల్లేదు.
ఆ నాలుగు రోజులూ
ఉతకాల్సినవేమీ తేకుండానే
జనం కిందికి దిగి వచ్చారు.
ఒక పుస్తకం తీసి, అటూ ఇటూ తిప్పి,
తల అడ్డంగా ఊపి, మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళారు.
ఇన్ని పుస్తకాల్లో
అందరూ బతికుండేది ఒక్కటి దొరకడం
ఇంత కష్టమని నాకేం తెలుసు.
"వంటల పుస్తకంలోనూ కోడి పోతుంది కదా"
అని సోయిలి నాతో గొణిగింది,
సబ్బుపొడి కొలుస్తూ.

ఐదో రోజు వెయ్‌క్కో ఒకటి తెచ్చిపెట్టాడు.
తేనెటీగలు పెంచే ముగ్గురక్కచెల్లెళ్ళ కథ.
"మనుషులందరూ క్షేమం.
నూట నలభై మూడో పేజీలో మాత్రం కుక్క పోతుంది.
ఆ ఆరు పేజీలకీ బట్టల క్లిప్పు పెట్టాను.
అది దాటేసి చదువు. కథకేం లోటు రాదు.
కుక్క ఊరెళ్ళిందనుకుంటాడు."

జనవరిలో పుస్తకం తిరిగొచ్చింది.
క్లిప్పు కదల్లేదు.
నోటుబుక్కులో ఇర్మెలి రాసింది ఒకటే మాట:
"క్లిప్పు దాకా వచ్చాం."

ఆ పేజీలో ఇంకెవరూ ఏమీ రాయలేదు.
బోలెడు చోటుంది,
అయినా అందరూ పేజీ తిప్పి
కొత్త పేజీలో మొదలుపెట్టారు.

నిన్న రాత్రి డ్రయ్యరు బెల్టు మార్చాక
తిరగేసిన బకెట్టు మీద కూచుని
క్లిప్పు తీశాను.
ఆ ఆరు పేజీలే చదివాను.
పెద్దగా ఏమీ లేదు.
ముసలి కుక్క. ఒక ఎండపొద్దు.
తేనెపెట్టెల నీడలో పడుకుంటుంది,
ముగ్గురిలో చిన్నది పక్కనే కూచుని
దాని చెవిలో ఏదో చెబుతుంది,
ఏం చెప్పిందో రాయలేదు.
వెయ్‌క్కో ఊరికే భయపడ్డాడు.

క్లిప్పు ఎక్కడిదక్కడ పెట్టి,
చేతులకున్న గ్రీజు తుడుచుకుని,
నోటుబుక్కులో మొదటిసారి రాశాను:
"నాకు చదివే అలవాటు లేదు.
మధ్యలో ఆరు పేజీలే తెలుసు.
ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?"

పొద్దున్నే సోయిలి జవాబు:
"అడగాలా? చివరి పేజీ."

దాని కింద ఇర్మెలి:
"క్లిప్పు అవతల నుంచి.
తర్వాత ఏమైందో
నాకూ చెప్పు."